చెవి వెనక చుక్క

మా మనవణ్ణి నేను గుప్పెడు తవుడు పోసి కొన్నాను. ఈ మాట గుంటూరులో నాతో పనిచేసిన టీచర్ల దగ్గర అంటే ముందు నవ్వుతారు, తర్వాత జాలిగా చూస్తారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, దోమ బొమ్మ బోర్డు మీద గీసి దాని నోటి భాగాలు పిల్లల చేత బట్టీ పట్టించిన మనిషి, ఇదేం పని అని. నవ్వుకోనీండి. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి, ఆ బిడ్డ బతకాలంటే నువ్వు గాడిద మీద బ్రాడీపేట అంతా ఊరేగాలని చెప్పినా, గాడిద ఎక్కడుందని అడిగేదాన్నే గానీ ఎందుకని అడిగేదాన్ని కాదు.

ఎందుకంటే అంతకుముందు మా కోడలికి ఒక ఆడపిల్ల పుట్టి, మర్నాడే పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పారేమో, మా చెవులకెక్కలేదు. ఉయ్యాలకు కొన్న కొక్కేలు కాగితం కూడా విప్పకుండా బీరువా పైన పెట్టేశాను. మా అబ్బాయి ఆఫీసుకు వెళ్లేవాడు, వచ్చేవాడు. కోడలు వంటింట్లో గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఆ ఇంట్లో ఎవరూ ఏడవకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది.

మా కోడలి తల్లిని నేను వదిన గారూ అంటాను, ఆవిడా నన్ను అలాగే అంటుంది. వాళ్లది చీరాల దాటి నల్లరేగడిలో లోపలికి వెళ్లాల్సిన ఊరు. మిరప, పత్తి వేస్తారు. ఇంటి వెనక దొడ్డి, దొడ్లో పాడి గేదెలు. ఆవిడ మామూలుగా మాట్లాడినా పక్క చేలో వాళ్లు తలెత్తి చూస్తారు. ఫోన్లో అయితే నేను ఫోను చెవికి దూరంగా పట్టుకుని వినేదాన్ని. కోడలికి రెండోసారి నెల తప్పిందని తెలిసిన రోజున మాత్రం ఆవిడ గొంతు దాదాపు గుసగుసలా వినిపించింది.

“వదిన గారూ, ఈసారి బిడ్డని పెంట మీద వేసి కొనుక్కుందామండీ. మా మేనత్తకి అలాగే పిల్లలు నిలబడ్డారు. మీరు చదువుకున్నోళ్లు, ఏమనుకుంటారోనని మొన్నట్నుంచీ అడగలేకపోతున్నా.”

పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో అది పాత పద్ధతి. బిడ్డను చాటలో పెట్టి, మాకొద్దు అని పెంటకుప్ప మీద వదిలేస్తారు. ఏదో దారిన పోతున్నట్టు ఇంకొకరు వచ్చి, గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుపోతారు. మృత్యువు వచ్చి చూస్తే, ఇది ఎవరో పారేసిన సరుకు, తవుడు పాటి కూడా చెయ్యదు, దీని జోలికెందుకులే అని పక్కింటికి పోతుందని నమ్మకం. పెంట మీద వేస్తే పెంటయ్య, ఎంగిలి పుల్లి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య అని పాతకాలం వాళ్ల పేర్లు అలా వచ్చినవే. నేను క్లాసులో వీటి మీద వేళాకోళం చేసినదాన్ని. ఫోన్లో మాత్రం ఆవిడ మాట పూర్తి కాకముందే, “తప్పకుండా చేద్దామండీ, కొనేది నేనే” అనేశాను.

బాబు గుంటూరులోనే ఆసుపత్రిలో పుట్టాడు. బొద్దుగా, నల్లగా, పుట్టగానే అందరి మీదా కోపంగా ఉన్నట్టు ఏడ్చాడు. కోపం నా పోలికే అన్నారు. తల్లీబిడ్డలను పురిటికి వాళ్ల ఊరు తీసుకెళ్లారు. పురిటి స్నానం రోజుకు నేనూ వెళ్లి, బారసాల దాకా అక్కడే ఉండిపోయాను. వానలు మొదలై మిరప నారు నాటుతున్న రోజులు. ఊళ్లో మనుషులంతా మోకాళ్ల దాకా బురదతో తిరుగుతున్నారు.

పురిటి స్నానం రోజు ఉదయం వాన తెరిపిచ్చింది. దొడ్డి వెనక పెంటకుప్ప దగ్గరికి ఆడవాళ్లం అందరం వెళ్లాం. వెచ్చగా ఉంటుందని కుప్ప మీద ఊరకుక్క ఒకటి ముడుచుకుని పడుకుంది. వదిన గారు దాన్ని అదిలించి, అదే చోట గోనెపట్టా పరిచి, పైన చాట పెట్టి, చాటలో మెత్తటి పాతచీర వేసి బాబును పడుకోబెట్టింది. నేను దొడ్డి గుమ్మం అవతల నుంచి, కొంగులో తవుడు మూటతో, ఎవరో పరాయిదాన్నయినట్టు నడిచి వచ్చాను. లోపల నవ్వొస్తోంది. నాటకాలాడి ఎన్నేళ్లయిందో అనుకున్నాను.

“ఏమమ్మా, ఈ బిడ్డెవరిది?” అన్నాను.

“ఎవరిదో అమ్మా. మాకొద్దు. పారేశాం” అంది వదిన గారు.

మాకొద్దు అన్నప్పుడు ఊరంతా వినిపించే ఆ గొంతు, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తవుడు చాట పక్కన పోసి బాబును ఎత్తుకున్నాను. పేడ వాసన, వానకు తడిసిన పత్తి కట్టె వాసన, పసిబిడ్డ వాసన అన్నీ కలిసి ఒక్కసారి ముక్కుకు తగిలాయి. గుండెకు హత్తుకుని, ఎవరి కంటా పడనివ్వనని ఎవరితోనో సవాలు చేస్తున్నట్టు, గబగబా ఇంట్లోకి నడిచాను.

ఆ తర్వాత ఆవిడ ఆ బేరాన్ని నిజం బేరంగానే పట్టుకుంది. “ఇక వాడు మీవాడండీ. మేం పెంచిపెట్టే వాళ్లమే” అని, ప్రతిదానికీ నన్ను అడగడం మొదలుపెట్టింది. మీ బిడ్డకు నీళ్లు పొయ్యనా? మీ బిడ్డకు సాంబ్రాణి వెయ్యనా? మొదట నవ్వాను. తర్వాత, నిజం చెప్పొద్దూ, ఆ గౌరవం నాకు నచ్చింది. మా వైపు వియ్యపురాళ్లంటే ఒకరి మీద ఒకరు వంకలు పెట్టుకోవడంలో పండిపోయి ఉంటారు. మేం అలా కాదని మాకు కాస్త గర్వం కూడా ఉండేది. నేను ఆవిడ వంటింట్లో అడగకుండా గరిటె ముట్టుకోను. ఆవిడ నా ముందు కూతురిని పల్లెత్తు మాట అనదు.

బాబుకు రోజూ దిష్టి చుక్కలు ఆవిడే పెట్టేది. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసుకున్న కాటుక. బుగ్గన ఒకటి, అరికాలిలో ఒకటి. బారసాలకు ముందు ఒక రోజు బాబును భుజం మీద వేసుకుని జోకొడుతుంటే, ఎడమ చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట ఇంకో చుక్క కనిపించింది. చిన్నది, మిరియపు గింజకన్నా చిన్నది. బంధువులు వచ్చే వేళ కదా, వదిన గారు చాటుగా ఇంకో చుక్క కూడా పెట్టింది, ఎంత జాగ్రత్త మనిషి అనుకున్నాను. ఆవిడ పెట్టిన చుక్క నేను ముట్టుకోవడమేంటి? వేలు అటు పోనివ్వకుండా తల సర్ది పడుకోబెట్టాను.

అదే చుక్కను ఆవిడ కూడా చూసింది. నీళ్లు పోసేటప్పుడు చూసింది. కొనుక్కున్నావిడ తన గుర్తుగా పెట్టుకుంది కాబోలు అనుకుంది. కొన్నవాళ్లు పెట్టిన చుక్కను అమ్మినవాళ్లు చెరపకూడదని ఆవిడ లెక్క. అందుకని, కాళ్లు చాపి బాబును పడుకోబెట్టుకుని ఒళ్లంతా నలుగుతో రుద్దే ఆ మనిషి, ఆ చెవి వెనక్కి మాత్రం చెయ్యి పోనివ్వకుండా, నీళ్లు కూడా తగలకుండా, అరచెయ్యి అడ్డం పెట్టి మరీ పోసింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

కోడలేమో పెద్దవాళ్లిద్దరిలో ఎవరో పెట్టుంటారు అనుకుంది. బారసాల ఫొటోలప్పుడు బాబు బుగ్గ చుక్క చెరిగిందని తల్లి చేత మళ్లీ పెట్టించింది కూడా. బాబును ఉయ్యాల్లో వేశారు, పేరు పెట్టారు, అందరూ భోజనాలు చేశారు. నేను గుంటూరు బస్సెక్కాను. ఆ చుక్క ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. దిష్టి చుక్క పోయిందని ఎవరు బెంగపెట్టుకుంటారు?

దసరా దగ్గర పడుతుండగా కోడలు ఫోను చేసింది. బాబుకు ఒళ్లు వెచ్చగా ఉంది, పాలు సరిగ్గా తాగట్లేదు, ఊళ్లో డాక్టరు సిరప్ ఇచ్చాడని. వాతావరణం మారింది కదా అన్నాను. రెండు రోజులాగి మళ్లీ చేసింది.

“అత్తయ్యా, వాడు పాలిపోయాడు. పెదవులు కూడా తెల్లగా ఉన్నాయి. ఇందాక తడిపిన గుడ్డ చూస్తే కాఫీ రంగులో ఉంది.”

మా అబ్బాయి కారు తీసుకుని వెళ్లి అందరినీ తీసుకొచ్చాడు. బ్రాడీపేటలో చిన్నపిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. బాబును నేను ఎత్తుకున్నాను. కోపంతో ఏడ్చే పిల్లాడు, సూది గుచ్చినా సన్నగా మూలిగి ఊరుకున్నాడు. మొదటి బిడ్డ పోయినప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏడవని ఆ రోజులు గుర్తొచ్చాయి. ఒరేయ్ నాయనా, ఏడవరా, ఒక్కసారి గట్టిగా ఏడవరా అని చెవిలో బతిమాలాను.

రక్తంలో మలేరియా ఉన్నట్టుందన్నారు. ఆసుపత్రిలో చేర్చి ఆ మందు మొదలుపెట్టారు. మలేరియా అనగానే నాకు, సిగ్గులేకుండా చెబుతున్నాను, కొంచెం ఊపిరొచ్చింది. అది నాకు తెలిసిన జబ్బు. బోర్డు మీద గీసిన జబ్బు. మందున్న జబ్బు. కానీ మందు పడుతున్నా జ్వరం దిగలేదు. రక్తం ఇంకా తగ్గిపోతోంది. కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరమ్మ లేబొరేటరీ వాళ్లను పిలిచి ఆ రక్తం మళ్లీ చూడమంది, తనూ వెళ్లి చూసింది. తిరిగి వచ్చి మా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అమ్మా, ఇది మలేరియాలాగే కనబడుతుందండీ, కానీ కాదనిపిస్తోంది. ఎర్ర రక్తకణాల్లోకి చేరే ఇంకో పరాన్నజీవి ఉంది, బబీసియా అంటారు. పశువుల్లో ఎక్కువ, మనుషుల్లో చాలా రేర్. నేను చదవడమే గానీ ఎప్పుడూ చూళ్లేదు. కన్ఫర్మ్ చెయ్యడానికి శాంపిల్ బయటికి పంపిస్తున్నాం, ఈలోగా మందు మారుస్తున్నాం. ఒక్కటి గుర్తుచేసుకుని చెప్పండి. ఇంట్లో పశువులున్నాయా? బాబుకి ఎప్పుడైనా పిడుదు పట్టుకుందా?”

గేదెల చెవుల్లో, కుక్కల మెడ కింద పట్టుకుని రక్తం తాగే ఆ పురుగు పేరు వినగానే వదిన గారు అడ్డంగా తల ఊపింది.

“లేదమ్మా. కళ్లల్లో వత్తులేసుకుని చూసుకున్నాం. ఒంటి మీద ఈగ వాలనివ్వలేదు.”

నేనూ లేదన్నాను. కోడలు మాత్రం ఫోను తీసి ఫొటోలు వెనక్కి జరుపుతూ పోయింది. ఒక్క చోట ఆగింది. బారసాల రోజు నేను బాబును భుజం మీద వేసుకుని నవ్వుతున్న ఫొటో. వాడి ముఖం అవతలికి తిరిగి ఉంది. చెవి వెనక చుక్క కనిపిస్తోంది.

“అమ్మా, ఈ చుక్క నువ్వు పెట్టిందేగా?”

“నేనెక్కడ పెట్టానే? అది మీ అత్తయ్య గారు పెట్టుకున్నది.”

“నేనా?” అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ణి చూశాను. కోడలు వేళ్లతో ఫొటోను పెద్దది చేసింది. ఎంత పెద్దది చేస్తే అంత మసకబారింది గానీ, ఆ చుక్క గుండ్రంగా లేదు. ఒక పక్కన సన్నగా వెంట్రుకల్లాంటివి చర్మానికి ఆనుకుని ఉన్నాయి. కాటుక చుక్కకు కాళ్లుండవు. డాక్టరమ్మ ఫోను తీసుకుని చూసి, ఔనన్నట్టు తల ఊపి తిరిగి ఇచ్చింది.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్లు మండుతోంది. ఎవరి మీదో తెలియదు. మేమిద్దరం మామూలు వియ్యపురాళ్లమై ఉంటే, నా మనవడికి నీ చుక్కేంటని ఆవిడ అనేది, నీ కాటుకేంటి తారులా ఉందని నేను అనేదాన్ని, ఎవరో ఒకరం కొంగు తడిపి తుడిచేసేవాళ్లం. అది చేతికి తగిలేది. తీసి పారేసేవాళ్లం. బహుశా వాడికి జబ్బే వచ్చేది కాదు. మా మర్యాదే వాడి మీదికొచ్చింది. ఈ చుక్క మీరు పెట్టారా అండీ అని, ఒక్క మాట. అంతకన్నా ఏం కావాలి? ఇల్లంతా వినిపించేలా మాట్లాడే ఆవిడ గానీ, పిల్లలను ప్రశ్నలడగమని తిట్టి తిట్టి చెప్పిన నేను గానీ, ఆ ఒక్క మాట అడగలేదు.

బాబు పుట్టాక పెంట మీద వేసిన సంగతి అప్పటిదాకా మా అబ్బాయికి తెలియదు. ఆడవాళ్లం మాలో మేం చేసుకున్నదది. పిడుదు ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అడిగినప్పుడు, వదిన గారే ఏమీ దాచకుండా చాట, గోనెపట్టా, కుక్క, అన్నీ చెప్పేసింది. వాడు వింటూ నిలబడ్డాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

“అత్తయ్య గారూ, వాడికి మీరు చెయ్యాల్సింది చేశారు. ఇక వాణ్ణి ముట్టుకోకండి.”

“ఒరేయ్!” అని అరిచాను నేను. వరండాలో అందరూ తిరిగి చూశారు. “కొన్నది నేను రా! తవుడు పోసి ఎత్తుకున్నది నేను. ఆ చుక్క చూసి వదిలేసింది నేను కూడా. అనేదేదో నన్నను!”

వాడు ఆసుపత్రి బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు కాళ్లకు దణ్ణం పెట్టి క్షమించమన్నాడు కూడా. ఆవిడ, “అయ్యో, అదేంటి బాబూ, లేవండి లేవండి” అని లేపింది. భయంలో అన్నదని అందరికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. అయినా ఆ మాట అంత తేలిగ్గా పోయే చోట పడలేదు.

రక్తం మార్చాలన్నారు. బిడ్డ ఒంట్లో ఉన్న జబ్బు రక్తం కొద్ది కొద్దిగా తీస్తూ, మంచి రక్తం ఎక్కించాలట. అది వినగానే వదిన గారు చీర కొంగు దోపుకుని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, రక్తం తీసే గది ముందు నిలబడింది. ఆవిడకు తన గ్రూపేంటో తెలియదు, అడగనూ లేదు. వేలు పొడిచి చూసి, “మీకే రక్తం చాలా తక్కువుందమ్మా, మీరు ముందు మందులు వాడాలి” అని పంపించేశారు. ఆవిడ ఆ చెయ్యి కిందికి లాక్కోకుండానే వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

“నా దగ్గర అది కూడా లేదంట వదిన గారూ” అంది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. చేలో పనిచేసిన చెయ్యి, గరుగ్గా, వెచ్చగా ఉంది. ఆవిడే మళ్లీ అంది. “పోయినేడు మా పెయ్యదూడ ఉచ్చ ఎర్రనీళ్లలా పోసుకుంది. పశువుల డాక్టరు వచ్చి పిడుదుల వల్లేనని చెప్పి సూదేశాడు. దొడ్డంతా మందు కొట్టించుకోమన్నాడు, ఒకసారి కొట్టించాం. తర్వాత పనుల్లో పడి మర్చిపోయాం. దూడను చూసి కూడా నాకు తెలియలేదు చూడండి.”

“ఎవరికి తెలుస్తుందండీ?” అన్నాను. “నేను పాఠం చెప్పినదాన్ని, నాకు తెలిసిందా?”

ఆవిడ వినలేదు. వినే స్థితిలో లేదు. లోపల అద్దం వెనక మా వాడు, అంత చిన్న ఒంటికి అన్ని గొట్టాలతో పడుకుని ఉన్నాడు. దేవుడికి ఏం మొక్కుకున్నానో చెప్పను గానీ, మళ్లీ ఏ బేరమూ పెట్టనని మాత్రం మొక్కుకున్నాను.

మందు పనిచేసింది. జ్వరం దిగింది. గుడ్డ తడిపితే రంగు మామూలైంది. ఒక ఉదయం నర్సు పక్క గుడ్డ మారుస్తుంటే, మా వాడు కాళ్లు తన్నుతూ, ముఖం కందగడ్డలా చేసుకుని, గదంతా దద్దరిల్లేలా ఏడ్చాడు. నేనూ కోడలూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. మొదటి బిడ్డకు ఏడవాల్సింది కూడా ఆ రోజే ఏడ్చామనుకుంటాను. వదిన గారు వరండాలో గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. లోపలికి రమ్మని నేను తలుపు తీసుకుని వెళ్లి పిలిచాను. “వినబడుతోంది లెండి” అంది, అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఆ పిడుదు పెంటకుప్ప మీదే పట్టిందని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కుక్క ఇంట్లోకి వచ్చి ఉండొచ్చు, దొడ్లో ఆరేసిన గుడ్డల్లో ఉండొచ్చు, పాలు పితికి వచ్చిన ఎవరి చీరకైనా అంటుకుని రావచ్చు. ఈ సంగతి నేను వదిన గారికి ఫోన్లో చెప్పాను, ఎదురుగా కూర్చుని చెప్పాను, కోడలి చేత చెప్పించాను, చివరికి మా అబ్బాయి చేత కూడా చెప్పించాను. ప్రతిసారీ “ఔనండీ, ఔను” అంటుంది. నేను చెప్పడం మానేస్తే బాగుండునని చూస్తుంది.

కుప్పను ఊరవతలికి తరలించారు. దొడ్డికి సిమెంటు చేయించి, గోడల పగుళ్లన్నీ పూడ్పించి, మందు కొట్టించారు. గేదెలను ఒక్కొక్కటే తీసేశారు. ఇప్పుడు పాకెట్ పాలే వస్తున్నాయి. పాడి లేకపోయేసరికి ఆ ఇంటి వెనక భాగం బోసిపోయింది. ఇవన్నీ చేసినా, బాబును మాత్రం ఆవిడ ఎత్తుకోలేదు. మొదట నాకు అర్థం కాలేదు. వెళ్లినప్పుడల్లా ఏదో పనిలో ఉండేది. పొయ్యి మీద పాలున్నాయి, చేతులు తడిగా ఉన్నాయి, జలుబుగా ఉంది. మిరప కోతల్లో వెళ్లినప్పుడు కళ్లం అంతా ఎర్రగా పరిచి ఉంది. ఆవిడ కూలీల మధ్య కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. మా వాడు అప్పుడప్పుడే పాకుతున్నాడు, ఆవిడ గొంతు వినగానే చీర పట్టుకుని లేవబోయాడు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తేసింది.

“కారం చేతులు వదిన గారూ. పసివాడికి మండుద్ది. తీసుకెళ్లండి” అంది.

అది నిజమే. మిరపకాయలు ఏరిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉంటుంది, ఆ చేతులతో పసిపిల్లలను ఎవరూ ముట్టుకోరు. నేను బాబును ఎత్తుకుని ఇవతలికి వచ్చేశాను.

మళ్లీ వానలు వచ్చాక వెళ్లాం. వాడికి ఏడాది దాటింది, నడక కుదిరింది. కోతలైపోయి, కాయలు గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళ్లి నెలలయింది. కళ్లంలో గడ్డి మొలిచింది. వదిన గారు అప్పుడే స్నానం చేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, పసుపు రాసుకున్న ముఖంతో వసారాలోకి వచ్చింది. వాడు నా చెయ్యి విడిపించుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్లి, ఎత్తుకోమని చేతులు చాపాడు.

ఆవిడ వాణ్ణి చూసింది. గబుక్కున రెండు చేతులూ పైకెత్తేసింది.

“కారం చేతులు నాన్నా” అంది.

వాడు అది ఆట అనుకున్నాడు. తన చేతులు కూడా అలాగే పైకెత్తి, ఆవిడ ముఖంలోకి చూస్తూ పకపకా నవ్వాడు. ఆవిడ చేతులు దించలేదు. అలా ఇద్దరూ ఎదురెదురుగా, చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. నవ్వీ నవ్వీ వాడు అలిసిపోయి, చేతులు దించి, నా దగ్గరికి వచ్చేశాడు.